లాంకస్టర్‌లో కొన్న అమిష్ బొంత, అనంతపురంలో వాడాక

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకస్టర్‌లో, కార్లు వద్దని గుర్రబ్బండ్లతో పాత పద్ధతుల్లో బతికే అమిష్ అనే క్రైస్తవ సమాజం వాళ్ల దగ్గర కొన్న బొంత ఇది. ముందు ధర చెప్పేస్తాను. మా ఇంటికి వచ్చి ఈ బొంతను చూసినవాళ్లందరూ మొదట అడిగేది అదే. బొంత 850 డాలర్లు. దాని మీద పెన్సిల్వేనియా అమ్మకం పన్ను 6 శాతం, అంటే 51 డాలర్లు. మొత్తం 901. అప్పటి మారకం లెక్కలో సుమారు 75 వేల రూపాయలు. "ఏంది అక్కా, బొంతకు ముప్పావు లక్షనా?" అన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు కుట్టు చూడండి, తర్వాత మాట్లాడదాం.

నేను అనంతపురం కమలానగర్‌లో టైలరింగ్ అంగడి నడుపుతాను. పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో. గుడ్డ, దారం, కుట్టు గురించి నాలుగు మాటలు చెప్పగలనన్న ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన జిల్లా నుంచి పిల్లల దగ్గరికి అమెరికా పోయే అమ్మానాన్నలు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. న్యూజెర్సీలోనో ఫిలడెల్ఫియా పక్కనో ఉండే పిల్లలు వాళ్లను ఒక శనివారం లాంకస్టర్‌కు తీసుకుపోయి "అమిష్ వాళ్లను చూపిస్తారు". గుర్రబ్బండి ఎక్కించి, ఫోటోలు తీసి, ఒక జామ్ సీసా కొనిచ్చి సాయంత్రానికి ఇంటికి తెస్తారు. అలా పోయొచ్చినవాళ్లు ఇక్కడికొచ్చి చెప్పే మాటలు వింటే నాకు మనసు ఒప్పదు. వాళ్లకు పన్నులుండవంట, ఆస్పత్రికి పోరంట, కరెంటు ముట్టుకోరంట, పాపం బీదోళ్లంట. ఇందులో ఒక్కటి కూడా సరైన మాట కాదు.

మా అబ్బాయి ఇల్లు లాంకస్టర్ టౌనుకు తూర్పున ఉంది. ఇంటి వెనక కంచె దాటితే ఒక అమిష్ రైతు పొలం. వంటింటి కిటికీలోంచి చూస్తే కంచర గాడిదలు కట్టి దున్నడం కనిపిస్తుంది. లాంకస్టర్ అమిష్ వాళ్లు బండికి గుర్రాన్ని కడతారు, పొలం పనికి మాత్రం కంచర గాడిదలే. సోమవారం పొద్దున ఏ ఇంటి ముందు చూసినా ఉతికిన బట్టలు ఆరేసి ఉంటాయి. ఇంటి గోడ నుంచి ఎత్తుగా ఉన్న స్తంభం దాకా కప్పీ మీద తాడు కట్టి, నిలుచున్న చోటు నుంచి కదలకుండా తాడు లాగుతూ ఒక్కొక్క బట్టా ముందుకు పంపుతారు. నల్ల ప్యాంట్లు ఒక వరస, ఊదా, నీలం, ఆకుపచ్చ గౌన్లు ఒక వరస. పువ్వుల గుడ్డ, చారల గుడ్డ ఒక్కటి కూడా కనిపించదు. వసంతంలో పేడ ఎరువు తోలినప్పుడు వాసనకు కోడలు కిటికీలన్నీ మూసేస్తుంది. నాకు ఆ వాసన అలవాటే, చిన్నప్పుడు మా అవ్వ వాళ్ల ఊర్లో పెరిగినదాన్ని.

రోడ్డు మీద వాళ్ల బూడిద రంగు బండ్ల వెనక కార్లు మెల్లగా పోవాల్సి వస్తుంది. మొదట్లో మా కోడలికి అదో టెన్షన్. ఇప్పుడు అయిదు నిమిషాలు ముందే బయల్దేరుతుంది, అంతే. ఒహాయో రాష్ట్రం వైపు అయితే ఈ బండ్లు నల్లగా ఉంటాయట. ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు అన్న కట్టుబాట్లు అమిష్ వాళ్లందరికీ ఒకటే కావు. పాతిక ముప్పై కుటుంబాలు కలిసిన ఒక్కో చర్చి గుంపు తన నియమాలు తానే పెట్టుకుంటుంది. కాబట్టి "అమిష్ వాళ్లు ఇట్లా" అని ఒక్క ముక్కలో తేల్చడానికి లేదు.

ఇప్పుడు అంగడి సంగతి. దానికి పెద్ద పేరేమీ లేదు. రోడ్డు పక్కన చేత్తో రాసిన చెక్క పలక, అందులో బొంతలు అమ్ముతామని ఒక మాట, ఆదివారం అమ్మకాలు లేవని ఇంకో మాట. మట్టి దారిలో లోపలికి పోతే ఇల్లు, ఇంటి కింది భాగంలో అంగడి. పోయేముందు మా అబ్బాయి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, మెసేజ్ పెట్టమని మిషన్ చెప్పింది. మరుసటి రోజు మధ్యాహ్నం వాళ్లే తిరిగి చేశారు. వాళ్ల ఫోన్ ఇంట్లో ఉండదు, దారి పక్కన చిన్న కొట్టంలో ఉంటుంది. ఎవరికి అవసరమైనా అక్కడికి పోయి మాట్లాడుకుని వస్తారు. ఇంట్లో నలుగురు కూర్చుని అన్నం తింటుంటే మధ్యలో ఫోన్ మోగకూడదన్నది వాళ్ల పట్టుదల. తొందరపడే కొనుగోలుదారుకు ఇది ఇబ్బందే. నాకైతే ఆ పద్ధతి నచ్చింది.

లోపల ట్యూబ్‌లైట్లు లేవు. పైకప్పులో అద్దాలు పెట్టి వెలుతురు రప్పించారు, మూలకు బ్యాటరీ దీపం ఒకటి ఉంది. కరెంటు ముట్టుకోరన్న మాట ఇక్కడే తప్పని తేలుతుంది. వాళ్లు వద్దనుకున్నది బయటి తీగ ఇంట్లోకి రావడాన్ని. బ్యాటరీలు, సోలార్ పలకలు, డీజిల్ ఇంజన్‌తో గాలి నింపి ఆ గాలితో నడిపే యంత్రాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఫ్రిజ్ గ్యాస్‌తో నడుస్తుంది. ఒక వస్తువు ఇంట్లోకి వస్తే కుటుంబం, ఊరు దగ్గరవుతాయా, దూరమవుతాయా అని మొదట ఆలోచించుకుని తర్వాతే ఒప్పుకుంటారు. నాకు కుట్టు మిషన్ మీద కన్ను పడింది. పాత ఇనప కాళ్ల మిషన్ అనుకున్నాను కానీ అది మామూలు మిషనే, బ్యాటరీ తగిలించి ఉంది.

అంగడి మధ్యలో పెద్ద మంచం. దాని మీద బొంతలు ఒకదాని మీద ఒకటి మోకాలి ఎత్తున పరిచి ఉన్నాయి. అంగడి ఆమె ఒక వైపు, ఆమె కూతురు ఇంకో వైపు నిలబడి, పై బొంత రెండు కొసలు పట్టుకుని కాళ్ల వైపుకు మడుస్తారు. కింది బొంత కనిపిస్తుంది. నచ్చకపోతే అదీ మడుస్తారు. పట్టు చీరల అంగట్లో పరుపు మీద కూర్చుని చీర మీద చీర విప్పించుకునేవాళ్లకు ఇది కొత్త కాదు. తేడా ఏమంటే ఇక్కడ "ఇది తీసుకోండి మేడం, మీకు బాగుంటుంది" అనే మాటే లేదు. అడిగినదానికి జవాబు చెబుతారు, మిగతా సేపు ఊరికే ఉంటారు. ప్రతి బొంతకూ చిన్న చీటీ కట్టి ఉంది: నంబరు, నమూనా పేరు, కొలత, ధర. బేరం లేదు.

నేను ఎంచుకున్న నమూనా పేరు సన్‌షైన్ అండ్ షాడో. లాంకస్టర్‌లో పాత కాలం నుంచి ఉన్నది. మధ్యలో ఒక చదరపు ముక్క, దాని చుట్టూ అదే కొలత ముక్కలు వరస మీద వరసగా పేర్చుకుంటూ పోతారు. ఒక్కో వరసకు ఒక్కో రంగు. ముదురు నుంచి లేతకు, లేత నుంచి మళ్లీ ముదురుకు. నాదాంట్లో వంగపండు రంగు, నీలం, పచ్చ, కుంకుమ రంగు ఉన్నాయి. దూరం నుంచి చూస్తే రంగులు మధ్య నుంచి అంచులకు పాకుతున్నట్టు ఉంటాయి.

సంచిలోంచి టేపు తీసి కొలిచాను. అంగుళానికి తొమ్మిది కుట్లు, కొన్ని చోట్ల పది. బొంత అంటే మూడు పొరలు: పై గుడ్డ, మధ్యలో మెత్తటి పొర, కింద గుడ్డ. ఆ మూడింటినీ దాటి సూది కిందికి దిగి పైకి రావాలి. ఆ మందంలో అంగుళానికి పది కుట్లు చేత్తో వేయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది. మన పల్లెల్లో పాత చీరలు నాలుగైదు మడతలు పరిచి పెద్ద సూదితో పొడుగు కుట్లు వేస్తాం. అది కప్పుకోవడానికి గట్టిగా ఉంటే చాలు. ఇక్కడ కుట్టే నగిషీ. అంచు పట్టీ మీద ఈకల తీగ, మధ్యలో అడ్డగీతలు, అన్నీ ఒకే రంగు దారంతో. వెలుతురు పక్కనుంచి పడితే గానీ ఆ తీగ కనపడదు.

ఒక మూల కుట్లు కాస్త పొడుగ్గా ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను. అంగడి ఆమె దాచలేదు. పై గుడ్డ అతికింది ఒకరు, చట్రానికి బిగించి కుట్టింది అక్కాచెల్లెళ్లు ఇద్దరు, ఆ మూల చిన్నామెది అని చెప్పింది. ముక్కలు ఒకదానికొకటి అతికేది మిషన్ మీదే అని కూడా తానే చెప్పింది. ఇది కొనేవాళ్లు తెలుసుకోవాలి: "చేతి బొంత" అంటే చాలాసార్లు అతుకు మిషన్‌ది, మూడు పొరలను కలిపే కుట్టు మాత్రమే చేతిది. మోసమేమీ కాదు, అడిగితే చెబుతారు.

కూలి ఎట్లా ఇస్తారని అడిగాను. కుట్టడానికి ఎన్ని గజాల దారం పట్టిందో దాన్ని బట్టి ఇస్తామని చెప్పింది. నేను ఆ మాటకు కాసేపు అక్కడే ఆగిపోయాను. దగ్గర దగ్గరగా కుట్టినా, తీగలు ఎక్కువ వేసినా దారం ఎక్కువ పడుతుంది, కూలీ ఎక్కువే వస్తుంది. పనితనానికి కూలి దానంతటదే కట్టుబడి ఉంది. జాకెట్‌కు ఇంత, ఫాల్‌కు ఇంత అని బోర్డు పెట్టుకుని బతికే నాకు ఇంత న్యాయమైన లెక్క తట్టలేదు.

డబ్బు నగదుగా ఇచ్చాం. కార్బన్ పెట్టిన బిల్లు పుస్తకంలో చేత్తో రాసింది: 850, కింద 51, మొత్తం 901. ఆ 51 డాలర్లు రాష్ట్రానికి కట్టే పన్ను. ఆదాయపు పన్ను, ఇంటి పన్ను, భూమి పన్ను అన్నీ వాళ్లు కడతారు. తమ పిల్లలను ఒకే గది ఉన్న సొంత బడులకు పంపుతూ కూడా ప్రభుత్వ బడుల కోసం వేసే పన్ను కడతారు. మినహాయింపు ఉన్నది ఒక్క సోషల్ సెక్యూరిటీకి, అంటే ప్రభుత్వ పెన్షన్ కోసం కట్టే పన్నుకు. 1965లో వచ్చిన చట్టం ప్రకారం సొంత పని చేసుకునే అమిష్ వాళ్లు అది కట్టనక్కర్లేదు. అందుకు బదులు ముసలితనంలో ఆ పెన్షనూ తీసుకోరు, ప్రభుత్వ వైద్య బీమా కూడా తీసుకోరు. ముసలివాళ్లను పిల్లలే చూసుకుంటారు, ఇంటికి అతికించి ఇంకో చిన్న ఇల్లు కట్టిస్తారు. మా అబ్బాయి స్నేహితుల ఇంట్లో భోజనాలప్పుడు "వాళ్లు పన్ను కట్టరు ఆంటీ" అన్న పిల్లాడికి నేను ఆ బిల్లే చూపించాను.

ఆస్పత్రి మాటా అంతే. జబ్బు చేస్తే ఆస్పత్రికి పోతారు. బయటి బీమా కంపెనీలకు కట్టరు. పెద్ద బిల్లు వస్తే చర్చి గుంపులన్నీ కలిసి భరిస్తాయి. తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకోవడం వల్ల వాళ్ల పిల్లలకు కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బులు వస్తాయి. వాటికోసమే లాంకస్టర్ కౌంటీలో 1989లో క్లినిక్ ఫర్ స్పెషల్ చిల్డ్రన్ మొదలైంది. దాని ఖర్చుకు ఏటా వేలంపాటలు పెడతారు, ఆ పాటల్లో మంచి ధర పలికేది ఈ బొంతలే. చలికాలం చివర్లో ఊళ్లలో అగ్నిమాపక దళాల కోసం పెట్టే వేలాలు కూడా ఉన్నాయి. మంచు కరిగి నేలంతా బురదగా ఉంటుంది కాబట్టి మడ్ సేల్ అంటారు. వీలైతే ఆ నెలల్లో పోండి. గుర్రాలు, నాగళ్లు, బొంతలు, ఎవరూ ఎవరినీ వింతగా చూడకుండా అందరూ బురదలో నిలబడి పాట పాడుతుంటారు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆపేస్తారు. 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వాళ్లకు ఆ హక్కు ఇచ్చింది. నేను పదో తరగతితో ఆగిన మనిషిని. నా కూతురిని ఇంజనీరింగ్ చదివించడానికి రాత్రిళ్లు కూర్చుని జాకెట్లు కుట్టాను. ఆ బొంతలు మడిచిన పిల్లకు పదహారేళ్లుంటాయి. లెక్క టకటకా నోటితో చెప్పింది. ఆ పిల్ల డాక్టరు కావాలనుకుంటే దారేది అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇల్లూ వాకిలీ వదిలి బయటికి పోతే తప్ప లేదు. బాప్తిస్మం తీసుకున్నాక పోతే అయినవాళ్లే దూరం పెడతారు. అది చిన్న బాధ కాదు.

అదే వారం టూరు వ్యాను కూడా ఎక్కాం. దాని పేరు రాయను. దానికి డబ్బు దండగ అంటాను. బండి నడిపే మనిషి అమిష్ వాళ్లు అంతరించిపోతున్నట్టు జాలిగా చెబుతూ పోయాడు. నిజానికి వాళ్ల జనాభా ఇరవై ఏళ్లకోసారి సుమారు రెట్టింపవుతోంది, 2024 నాటికి 4 లక్షలకు చేరింది. బడి దగ్గర వ్యాను ఆపితే లోపలున్న వాళ్లంతా అద్దాలకు ఫోన్లు ఆనించి పిల్లల ఫోటోలు తీశారు. వాళ్లకు ఫోటో దిగడం ఇష్టం ఉండదని ఆ మనిషే అంతకుముందు చెప్పి ఉన్నాడు. ఆ పిల్లలు టోపీలు కిందికి దించుకుని గోడ వైపు తిరిగారు. మా నాయన గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే కార్లలో వచ్చి ఫోటోలు తీసుకుని పోయినవాళ్లను చిన్నప్పుడు ఎంతోమందిని చూశాను. ఎంత బాగుందో అనేవాళ్లు. చీరకు కూలి ఎంత వస్తుందని ఒక్కరూ అడిగింది లేదు. అమిష్ ఊళ్లకు పోయే మనవాళ్లకు నేను చెప్పేది ఇదే. వాళ్లను చూడటానికి పోకండి, వాళ్ల పని చూడటానికి పోండి. ఏం కుట్టారు, ఎవరు కుట్టారు, ఎంత కూలి అని అడగండి. వాళ్లూ మనుషుల్లాగే మాట్లాడతారు.

పెద్ద రోడ్డు మీద ఉన్న ఇంకో అంగడికి కూడా పోయాం. దీపాలు, ఏసీ, కార్డు మిషను అన్నీ ఉన్నాయి. గోడ నిండా అమిష్ బొంతలని రాసి ఉంది. ఎవరు కుట్టారంటే చెప్పలేకపోయారు. ఇక్కడ ఒక సంగతి. లావోస్ యుద్ధం తర్వాత కాందిశీకులుగా వచ్చి లాంకస్టర్‌లో స్థిరపడిన హ్మాంగ్ తెగ ఆడవాళ్లు 1980ల నుంచి ఈ బొంతలకు అప్లిక్ పని (గుడ్డ మీద గుడ్డ ముక్కలు అతికి కుట్టేది), కుట్టు పని చేస్తున్నారు. వాళ్ల చేతి పని అద్భుతం. అమిష్ బొంతలని అమ్ముడుపోయిన వాటిలో వాళ్లు కుట్టినవి ఎన్నో ఉన్నాయి. వాళ్లు కుట్టడంలో తప్పు లేదు, చీటీ మీద వాళ్ల ఊసు లేకపోవడమే తప్పు. ధర్మవరంలో మరమగ్గం మీద దింపిన చీరను చేనేత అని అమ్మినప్పుడు కడుపు మండిన ఇంట్లో పుట్టినదాన్ని. భౌగోళిక గుర్తింపు వచ్చినా ఆ బాధ మాకు పూర్తిగా తీరలేదు. ఆ అంగట్లో ఏమీ కొనలేదు.

అక్కడ వినిపించే ఇంకో కథ: దేవుడొక్కడే లోపం లేనివాడు కాబట్టి అమిష్ ఆడవాళ్లు కావాలనే ప్రతి బొంతలో ఒక తప్పు కుడతారని. నేను మట్టి దారి అంగడి ఆమెను అడిగాను. "కావాలని ఎందుకు, వాటంతట అవే పడతాయి" అని నవ్వింది.

ఇక వాడకం. ముఖ్యమైన లోపం మధ్య పొర. అది దూది కాదు, పాలిస్టర్. ఉతికితే ముద్ద కట్టదు, బరువుండదు, తొందరగా ఆరుతుంది. కానీ చెమట పీల్చదు. మన అనంతపురంలో మార్చి నుంచి ఇది కప్పుకోలేం. మాకు డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే పనికొస్తోంది, అప్పుడు మాత్రం చాలా హాయి. మా ఆయన మిగతా నెలల్లో కూడా ఏసీ వేసుకుని కప్పుకుంటాడు, నాకది ఇష్టం లేదు. దూది పొర కావాలంటే ముందే చెప్పి చేయించుకోవచ్చు.

రంగు దిగలేదు. బోరు నీళ్లు వాడకుండా మున్సిపల్ కుళాయి నీళ్లలో, షాంపూ వేసి తొట్టిలో నానబెట్టి, పిండకుండా ఎత్తి నీడన ఆరేశాను. మన ఎండలో వేస్తే ఏ రంగూ నిలవదు. కింద గుడ్డ మీద నమూనా గీసుకున్న పెన్సిల్ గీతలు ఒక మూల లేతగా కనిపించేవి. రెండు ఉతుకులకు పోయాయి. అంచు పట్టీ రెండు మడతలతో కుట్టారు, అరిగేది మొదట అక్కడే కాబట్టి ఇది తెలివైన పని. మడిచినప్పుడు ప్రతిసారీ ఒకే మడత పడకుండా చూసుకోండి, మడత దగ్గర దారం బలహీనపడుతుంది. విమానంలో తేవడానికి గాలి తీసేసే సంచిలో పెడితే సూట్‌కేసులో సగం ఆక్రమిస్తుంది, బరువు సమస్య కాదు.

75 వేలు అందరూ పెట్టలేరు, పెట్టాలని కూడా అనను. అదే అంగట్లో గోడకు తగిలించే చిన్న బొంతలు, దిండు గలీబులు, వేడి గిన్నెలు దించుకునే గుడ్డలు ఉన్నాయి. అవి కొద్ది డాలర్లలోనే దొరుకుతాయి, కుట్టు అదే చేతిది.

నా కూతురి కోసం ఇంకోటి చెప్పాను. దూది పొరతో, కాస్త చిన్న కొలతలో. రంగులు ఫోన్‌లో చూపించే పని లేదు కాబట్టి నా అంగట్లోని గుడ్డ ముక్కలు, మా ఊరి పట్టు చీర అంచు రంగుకు కలిసేవి, కవర్లో పెట్టి మా కోడలి చేతికిచ్చి పంపాను. జవాబు ఉత్తరంగా వచ్చింది, చక్కటి చేతిరాత. ధర 720 డాలర్లు, పన్ను వేరే. పొలం పనులున్నందున పంట కోతలయ్యాకే చట్రానికి ఎక్కిస్తామని, పచ్చ రంగు నేను పంపినంత ముదురు దొరకదని, ఫర్వాలేదా అని రాశారు. ఫర్వాలేదని రాశాను.